30, 40 దాటాక కొత్త పని నేర్చుకోవాలంటే: ప్రభుత్వ ట్రైనింగ్‌కి ఎలా చేరాలి, ఏది ముందు ఏది తర్వాత

వారంలో కనీసం ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు, "నాకు 38 వచ్చాయి, పిల్లలు స్కూల్‌కి పోతున్నారు, ఇప్పుడు ఏదన్నా నేర్చుకుంటే గవర్నమెంటు ఏమన్నా సాయం చేస్తదా" అని. చేస్తది. కానీ స్కీములు బోలెడు ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో రూలు, పైగా ఒకటి ముందు తీస్కుంటే ఇంకోటి రాకుండా పోయేవి కూడా ఉన్నాయి. అందుకే ఏ ఆర్డర్‌లో చేయాలో మొత్తం ఒకచోట రాస్తున్నా. నిదానంగా చదవండి, రెండో పాయింట్ మాత్రం అస్సలు దాటేయొద్దు.

1. ముందు మీ అవసరం ఏంటో తేల్చుకోండి

ఏ స్కీమ్ మంచిది అని అడిగేముందు మీరు ఈ నాలుగిట్లో ఎక్కడున్నారో చూస్కోండి.

- పని అస్సలు రాదు, కొత్తగా నేర్చుకుని ఊర్లోనే ఏదన్నా పెట్టుకోవాలి: ఆర్‌సెటీ (3వ పాయింట్)
- చేతివృత్తి ఆల్రెడీ చేస్తున్నారు, పనిముట్లు, లోన్ కావాలి: పీఎం విశ్వకర్మ (4వ పాయింట్)
- ఏళ్ళ తరబడి పని చేస్తున్నారు, చేతిలో కాగితం మాత్రం లేదు: ఆర్‌పీఎల్ (5వ పాయింట్)
- టెన్తో ఇంటరో ఆగిపోయింది, దానివల్ల ఎక్కడికెళ్ళినా ఆగిపోతున్నారు: ఓపెన్ స్కూల్ (6వ పాయింట్)

ఇద్దరు ముగ్గురు ఒకేసారి రెండు చేద్దామని చూసి రెండూ మధ్యలో వదిలేశారు. ఒక్కటి పట్టుకోండి, అది అయ్యాక రెండోది.

35 లోపు ఉండి, నేర్చుకున్నాక సొంతంగా పెట్టుకోవడం కాదు ఎక్కడన్నా ఉద్యోగమే కావాలి అనుకునే పల్లెటూరి వాళ్ళకి డీడీయూ-జీకేవై అని వేరే ఉంది, ఆడవాళ్ళకైతే 45 దాకా తీస్కుంటారు. ఏపీలో సీడాప్, తెలంగాణలో ఈజీఎంఎం అనే ప్రభుత్వ సంస్థలు దీన్ని చూస్తాయి. అందులో హాస్టల్‌లో ఉండాలి, తర్వాత వేరే ఊర్లో జాబ్‌కి పోవాలి, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్ళు అది ముందే ఆలోచించుకోండి.

2. అప్లికేషన్ కంటే ముందు కాగితాలు, ఇదే అసలు పని

నేను చూసిన కేసుల్లో ఎక్కువ భాగం ట్రైనింగ్ దగ్గర ఆగలేదు, ఆధార్ దగ్గరే ఆగాయి. మా పిన్నిదే చెప్తా. 41 ఏళ్ళకి కుట్టు ట్రైనింగ్‌కి పోయింది, ఒక్క రోజు మానకుండా పూర్తి చేసింది, స్టైపెండ్ (ట్రైనింగ్ రోజులకి ఇచ్చే డబ్బు) మాత్రం పడలేదు. ఎందుకా అని చూస్తే ఆమె ఆధార్ ఎప్పుడో ఎనిమిదేళ్ళ కింద తీసిన వేరే బ్యాంకు అకౌంట్‌కి సీడ్ అయి ఉంది (అంటే గవర్నమెంటు డబ్బు పడేలా దానికి లింకయి ఉంది), ఆ అకౌంట్ వాడక మూతపడింది. సరిచేసుకునేసరికి నాలుగు నెలలు పట్టింది. అదే ముందు చూసుకునుంటే ఒక పూట పని.

చెక్‌లిస్ట్:

- ఆధార్‌కి ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరు లింకయి ఉందా (అన్నిటికీ ఓటీపీ దానికే వస్తది)
- ఆధార్‌లో పేరు, టెన్త్ మెమో లేదా టీసీలో పేరు, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు, మూడూ ఒకేలా ఉన్నాయా
- పుట్టినతేదీ అన్నిట్లో ఒకటేనా
- బ్యాంకు అకౌంట్ నడుస్తుందా, కేవైసీ అయిందా
- ఆధార్ ఏ బ్యాంకుకి సీడ్ అయి ఉంది (ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటది, ఓటీపీ కొడితే చూపిస్తది)
- రేషన్ కార్డు, అందులో మీ పేరు ఉందా
- కుల ధ్రువీకరణ, ఉంటే ఉపాధి హామీ జాబ్ కార్డు, మహిళా సంఘం సభ్యత్వం వివరాలు
- పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు ఒక అరడజను

పేర్ల విషయం కాస్త ఎక్కువ చెప్పాలి. మన దగ్గర ఇంటిపేరు ఒకచోట ముందుంటది, ఒకచోట వెనకుంటది, ఒకచోట ఒక్క అక్షరమే ఉంటది, ఆడవాళ్ళకైతే పెళ్ళయ్యాక అత్తగారింటి ఇంటిపేరు ఆధార్‌లోకి వచ్చి చదువు కాగితాల్లో పుట్టింటి పేరే ఉంటది. ఇది తప్పేం కాదు, కానీ కంప్యూటర్‌కి అవి ఇద్దరు మనుషులే. ఆధార్‌లో పేరు జీవితం మొత్తం మీద రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టినతేదీ ఒక్కసారే. అందుకని మీసేవలో తొందరపడి ఏదో ఒకటి కొట్టించేయకండి, ముందు ఏ కాగితంలో ఉన్న పేరుని అసలు పేరుగా పెట్టుకోవాలో ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. టెన్త్ మెమో ఉన్నవాళ్ళు దాంట్లో ఉన్నట్టే ఆధార్‌లో పెట్టించుకోవడం మంచిది, ఎందుకంటే మెమో మార్పించడం ఆధార్ మార్పించడం కంటే చాలా కష్టం.

ఆధార్ సరిచేశాక బ్యాంకుకి వెళ్ళి పాస్‌బుక్ కూడా అలాగే మార్పించండి, ఈ రెండోది చాలామంది మర్చిపోతారు.

3. కొత్త పని నేర్చుకోవాలంటే ఆర్‌సెటీ

నన్నడిగితే పల్లెటూళ్ళలో ఉన్నవాళ్ళు మొదట తట్టాల్సిన తలుపు ఇదే. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ అని బోర్డు ఉంటది, జిల్లాకి ఒకటి చొప్పున బ్యాంకులు నడుపుతాయి, ఎస్‌బీఐ ఆర్‌సెటీ, యూనియన్ బ్యాంక్ ఆర్‌సెటీ అలా. ట్రైనింగ్ ఫ్రీ, ఉండటం ఫ్రీ, తిండి ఫ్రీ. 18 నిండాలి, పైన మామూలుగా 45 అంటారు, ఒకట్రెండేళ్ళు దాటినవాళ్ళు కూడా ఒకసారి నేరుగా అడిగి చూడండి, ఇంట్లోనే కూర్చుని నాకు రాదులే అనుకోవద్దు.

డెయిరీ లాంటివి 10 రోజులు, టైలరింగ్, హౌస్ వైరింగ్, సెల్‌ఫోన్ రిపేరు లాంటివి దాదాపు 30 రోజులు. పని ఒక్కటే నేర్పరు, మార్కెట్ ఎలా చూడాలి, లెక్క ఎలా రాయాలి, బ్యాంకుకి ప్రాజెక్ట్ రిపోర్ట్ ఎలా పెట్టాలి అవి కూడా ఉంటాయి. అందరూ ఆ క్లాసుల్లోనే నిద్రపోతారు, అసలు తర్వాత డబ్బులు తెచ్చిపెట్టేవి అవే.

చేరే పద్ధతి:

ఒకటి, మీ జిల్లా ఆర్‌సెటీ ఎక్కడుందో కనుక్కోండి. సంఘంలో ఉన్నవాళ్ళైతే మీ వీఓఏనో (ఊరి సంఘాల లెక్కలు చూసేవాళ్ళు), మండలంలో ఐకేపీ, వెలుగు ఆఫీసునో అడిగితే చెప్తారు, లేదంటే ఏ బ్యాంకు బ్రాంచిలో అడిగినా చెప్తారు.

రెండు, ఫోన్‌లో కాదు, ఒకసారి స్వయంగా వెళ్ళండి. వచ్చే మూడు నెలల్లో ఏయే బ్యాచ్‌లు ఉన్నాయో క్యాలెండర్ చూపించమనండి. అది అడిగితేనే చూపిస్తారు.

మూడు, మీకు కావాల్సిన బ్యాచ్‌కి పేరు రాయించి, ఎవరు ఫోన్ చేస్తారో వాళ్ళ పేరు, నంబరు రాస్కుని రండి. బ్యాచ్‌లో 30, 35 మంది దాకానే తీస్కుంటారు కాబట్టి పేరు ఇచ్చేసి ఊరుకోకుండా వారం ముందు మీరే ఫోన్ చేయండి.

నాలుగు, చిన్న ఇంటర్వ్యూ ఉంటది. నేర్చుకుని ఏం చేస్తారు అని అడుగుతారు. "ఏదో ఒకటి చేస్తానండి" అనకండి, "మా ఊర్లో 400 ఇళ్ళున్నాయి, ఒక్కరే టైలర్ ఉన్నారు, జాకెట్లకి టౌన్‌కి పోతున్నారు, నేను ఇంట్లో మిషన్ పెట్టుకుంటా" అని చెప్పండి. ఇది వాళ్ళ కోసం కాదు, ఆ లెక్క మీక్కూడా తెలియాలి.

టౌన్‌లో ఉన్నవాళ్ళు మెప్మా (టౌన్లలో మహిళా సంఘాలు చూసే ప్రభుత్వ సంస్థ) ఆఫీసులో అడగండి, దగ్గర్లో జన శిక్షణ సంస్థాన్ ఉంటే అక్కడా అడగండి. చదువు లేనివాళ్ళు, మధ్యలో బడి మానేసినవాళ్ళు 15 నుంచి 45 ఏళ్ళ దాకా అందులో చేరొచ్చు, ఆడవాళ్ళకి ఫీజు లేదు.

4. చేతివృత్తి చేస్తున్నవాళ్ళకి పీఎం విశ్వకర్మ

2023 సెప్టెంబర్ 17న మొదలైంది. 18 వృత్తులు ఉన్నాయి: వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, స్వర్ణకారులు, తాపీమేస్త్రీ, దర్జీ, క్షౌరవృత్తి, బట్టలుతికేవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, బుట్టలూ చాపలూ అల్లేవాళ్ళు, పూలదండలు కట్టేవాళ్ళు, చేపల వలలు అల్లేవాళ్ళు, ఇలా. కులం బట్టి కాదు, చేస్తున్న పని బట్టి.

వచ్చేవి ఇవి:

- బేసిక్ ట్రైనింగ్ 5 నుంచి 7 రోజులు, తర్వాత కావాలంటే అడ్వాన్స్‌డ్ 15 రోజులు
- ట్రైనింగ్ రోజుకి 500 రూపాయలు స్టైపెండ్
- పనిముట్లకి 15,000 దాకా ఈ-వోచర్
- 5% వడ్డీకి మొదట లక్ష దాకా లోన్, అది సరిగ్గా కడితే తర్వాత 2 లక్షల దాకా, పూచీకత్తు అక్కర్లేదు

రిజిస్ట్రేషన్ సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్)లో వేలిముద్రతో చేస్తారు. దీనికి మీ దగ్గర డబ్బులు తీస్కోకూడదు. వెళ్ళేముందు మీ వృత్తికి మీ జిల్లాలో కొత్తవి తీస్కుంటున్నారా అని అక్కడే కనుక్కోండి. చేశాక ముందు పంచాయతీ లేదా మున్సిపాలిటీ, తర్వాత జిల్లా కమిటీ, తర్వాత పైన స్క్రీనింగ్ కమిటీ, ఇలా మూడు చోట్ల ఓకే కావాలి. చాలా అప్లికేషన్లు మొదటి మెట్టు మీదే పడుంటాయి. రిజిస్ట్రేషన్ అయిన వారానికి మీ పంచాయతీ సెక్రటరీని కలిసి "నా అప్లికేషన్ మీ లాగిన్‌లో ఉంది, చూడండి సార్" అని చెప్పిరండి. ఈ ఒక్క పని చేసినవాళ్ళకి, చేయనివాళ్ళకి నెలల తేడా వచ్చింది.

ఇక్కడే ఆర్డర్ ముఖ్యం. గత 5 ఏళ్ళలో పీఎంఈజీపీ (సొంత యూనిట్‌కి సబ్సిడీ లోన్), ముద్ర (చిన్న వ్యాపారాల లోన్), స్వనిధి (వీధి వ్యాపారుల లోన్) లాంటివి తీస్కున్నవాళ్ళకి విశ్వకర్మ రాదు, ముద్ర, స్వనిధి పూర్తిగా కట్టేసినవాళ్ళకైతే పర్లేదు. ఇంట్లో ఒక్కరికే, అంటే భార్య, భర్త, పెళ్ళికాని పిల్లలు కలిపి ఒకే కుటుంబం. ప్రభుత్వ ఉద్యోగి ఇంట్లో వాళ్ళకి రాదు. అందుకని విశ్వకర్మకి అర్హత ఉన్న దర్జీ అక్కలు, మేస్త్రీ అన్నలు ముందు విశ్వకర్మ చూస్కోండి, ఎవరో బ్యాంకులో చెప్పారని 50 వేల ముద్ర ముందు తీస్కుని ఇరుక్కోవద్దు.

5. పని వచ్చు, కాగితం లేదు: ఆర్‌పీఎల్

20 ఏళ్ళు వైరింగ్ చేసిన మనిషి, ఏ కంపెనీ గేటు దగ్గరికెళ్ళినా సర్టిఫికెట్ ఏది అంటారు. ఇలాంటివాళ్ళ కోసం ఆర్‌పీఎల్, అంటే ముందే వచ్చిన పనికి పరీక్ష పెట్టి గుర్తింపు ఇవ్వడం. కొత్తగా నెలలు నెలలు నేర్పరు, చిన్న ఓరియెంటేషన్, తర్వాత అసెస్‌మెంట్, పాసైతే సర్టిఫికెట్. పీఎంకేవీవై (కేంద్రం స్కిల్ ట్రైనింగ్ స్కీమ్) కింద 18 నుంచి 59 ఏళ్ళ దాకా.

స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ యాప్‌లో ఆధార్‌తో ప్రొఫైల్ చేస్కోండి, మీ ట్రేడ్ కొట్టి దగ్గర్లో ఆర్‌పీఎల్ బ్యాచ్ ఉందేమో చూడండి. లేకపోతే గవర్నమెంట్ ఐటీఐలో అడగండి. కట్టుబడి పనుల్లో ఉన్నవాళ్ళకి హైదరాబాద్‌లో న్యాక్ అనే ట్రైనింగ్ సంస్థ కూడా ఉంది.

అసెస్‌మెంట్‌లో మనవాళ్ళు పని చేసి చూపించే చోట కాదు, మాటల దగ్గర తడబడతారు. సేఫ్టీ గురించి, పనిముట్ల పేర్ల గురించి, కొలతల గురించి అడుగుతారు. గ్లవ్స్ ఎందుకు, ఎర్తింగ్ ఎందుకు, కొలత మిల్లీమీటర్లలో ఎలా చెప్తారు, ఇవి రెండు రోజులు ముందు చూస్కుని పొండి. తెలుగులో అడగమని చెప్పొచ్చు, మొహమాటపడొద్దు.

గల్ఫ్ పోదామనుకునే కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళకి ఒక మాట. సౌదీకి చాలా ట్రేడ్లలో ఇక్కడే స్కిల్ టెస్ట్ పాసవ్వాలి. మామూలు ఆర్‌పీఎల్ సర్టిఫికెట్ ఆ టెస్ట్‌కి బదులు పనికిరాదు, ఎవరన్నా పనికొస్తదని డబ్బులడిగితే ఇవ్వొద్దు. ముందు టామ్‌కామ్‌లో అడగండి, అది ఫారిన్ ఉద్యోగాలు చూసే తెలంగాణ ప్రభుత్వ సంస్థే.

6. ఆగిపోయిన టెన్త్, ఇంటర్

ఓపెన్ స్కూల్ అంటే రోజూ బడికి పోకుండా చదువుకుని పరీక్ష రాసేది. తెలంగాణలో టాస్, ఏపీలో ఏపీ ఓపెన్ స్కూల్, దేశం మొత్తానికి ఎన్‌ఐఓఎస్. టెన్త్‌కి 14, ఇంటర్‌కి 15 ఏళ్ళు నిండితే చాలు, పై వయసు అంటూ లేదు. బెంగళూరు, సూరత్, ముంబైలో ఉంటున్న మనవాళ్ళు ఊరికొచ్చి పరీక్ష రాయలేమనుకుంటే ఎన్‌ఐఓఎస్ తీస్కోండి, ఉన్నచోటే రాయొచ్చు.

ఒకసారి చేరితే 5 ఏళ్ళు టైముంటది, 9 సార్లు రాయొచ్చు. పాసైన సబ్జెక్టు అలాగే ఉంటది, మిగిలినవే మళ్ళీ రాస్తే చాలు. కాబట్టి పనికి పోతూ 5 సబ్జెక్టులూ ఒకేసారి మీదేసుకోకండి. మొదటిసారి తెలుగు, సోషల్, ఇంకొకటి, లెక్కలు తర్వాత. ఒక్కటి పాసైతే వచ్చే ధైర్యం వేరు, నేను కళ్ళారా చూశా.

అడ్మిషన్ అయ్యాక స్టడీ సెంటర్‌లో సెలవు రోజుల్లో క్లాసులుంటాయి, వాటికి పొండి. "మీరు రాకపోయినా పర్లేదు, మేం చూస్కుంటాం" అని ఎక్కువ డబ్బు అడిగేవాళ్ళ దగ్గరికి మాత్రం పోవద్దు, పరీక్షలో ఏదన్నా అయితే ఇరుక్కునేది మీరే. ఫీజు రసీదు, ఫోటో, పుట్టినతేదీ ఆన్‌లైన్‌లో సరిగ్గా ఎక్కాయో లేదో హాల్‌టికెట్ వచ్చేదాకా ఆగకుండా అప్పుడే చూస్కోండి.

అసలు చదవడం రాయడం రాని అమ్మానాన్నల కోసం ఉల్లాస్ ఉంది, 15 ఏళ్ళు దాటిన ఎవరైనా. ఊర్లోనే వాలంటీర్ చెప్తారు, చివర్లో చదవడం, రాయడం, లెక్కలు, ఒక్కోటి 50 మార్కులకి, మొత్తం 150కి టెస్ట్. మీ ఊరి బడిలో హెడ్మాస్టర్‌ని అడగండి. ట్రైనింగ్‌కి పోవాలంటే సంతకం, అంకెలు వస్తే ఎంత తేడానో చెప్పలేను, ముందు ఇది చేయించండి.

7. సెంటర్ చూసొచ్చాకే చేరండి

పేపర్ మీద అన్ని సెంటర్లూ ఒకటే. వెళ్ళి చూడాల్సినవి:

- మిషన్లు, టూల్స్ ఎన్ని ఉన్నాయి, పనిచేస్తున్నాయా (30 మందికి 4 మిషన్లయితే మీరు నేర్చుకునేది చూసి నేర్చుకోవడమే)
- నేర్పే మనిషి ఎవరు, ఆ పని సొంతంగా చేసినవాళ్ళేనా
- పోయిన బ్యాచ్‌లో ఇద్దరి నంబర్లు ఇవ్వమంటే ఇస్తారా
- సర్టిఫికెట్ ఏ పేరు మీద వస్తది, డిజిలాకర్‌లో (ఫోన్‌లో సర్టిఫికెట్లు దాచుకునే గవర్నమెంట్ యాప్) కనబడుతుందా
- ఆడవాళ్ళకి బాత్రూమ్, హాస్టల్ ఎలా ఉన్నాయి, రాత్రి ఎవరుంటారు

డిపాజిట్ కట్టమన్నా, ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గరే పెట్టమన్నా లేచి వచ్చేయండి. ఒరిజినల్స్ చూపించాలి అంతే, ఇచ్చి రాకూడదు. మా ఇంటిపక్క తమ్ముడు ఒకచోట ఇచ్చేసి అవి తిరిగి తెచ్చుకోడానికి నెలన్నర తిరిగాడు.

8. ట్రైనింగ్ రోజుల్లో

హాజరు వేలిముద్రో, ముఖమో. కూలిపని, అంట్లు తోమే పని చేసేవాళ్ళకి వేళ్ళు అరిగిపోయి పడవు, మొదటిరోజే ఇబ్బంది వస్తే ఆరోజే చెప్పి రిజిస్టర్‌లో సంతకం కూడా పెట్టండి. హాజరు తక్కువైతే అసెస్‌మెంట్‌కి కూర్చోనివ్వరు.

ఒక 100 పేజీల నోట్‌బుక్ పెట్టుకోండి. రోజూ ఏం నేర్చుకున్నారో, ఏ వస్తువు ఎంతకి ఎక్కడ దొరుకుతుందో రాయండి. మీరు చేసిన ప్రతి పనికీ ఫోటో తీస్కోండి, రేపు మొదటి గిరాకీకి చూపించేది అవే.

ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఆడవాళ్ళు ఆగిపోయేది పదో రోజు, పదిహేనో రోజు, పిల్లాడికి జ్వరం, అత్తగారికి నీరసం. ఆ నెల వంట ఎవరు, బడికి ఎవరు దింపుతారు అనేది చేరేముందే తేలాలి. భర్తలకి, కొడుకులకి కూడా చెప్తున్నా, నెల రోజులు మీరు చూస్కోండి.

9. అయిపోయిన మొదటి నెల

సర్టిఫికెట్ వచ్చిన మూడు నెలల్లో పని మొదలుపెట్టకపోతే చెయ్యి మర్చిపోతది. మిషన్ కొనే డబ్బు లేకపోతే ఎవరి షాపులోనన్నా పీస్‌కి ఇంత అని కుట్టండి, కానీ ఆపొద్దు.

ఆర్‌సెటీ వాళ్ళు రెండేళ్ళ దాకా ఫాలోఅప్ చేయాలి, అది వాళ్ళ డ్యూటీ. వాళ్ళు ఫోన్ చేస్తారని చూడకుండా మీరే చేయండి, "లోన్ అప్లికేషన్ పెట్టాలి, రిపోర్ట్ రాయడానికి సాయం చేయండి" అని అడగండి.

లోన్‌కి వెళ్ళేటప్పుడు సర్టిఫికెట్ కాపీ, ప్రాజెక్ట్ రిపోర్ట్, మిషన్‌కి షాపు వాళ్ళిచ్చిన కొటేషన్, ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ తీస్కెళ్ళండి. పెద్దగా పెడదామనుకునేవాళ్ళకి పీఎంఈజీపీ, సేవారంగంలో 20 లక్షల ప్రాజెక్ట్ దాకా, పల్లెటూర్లో ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీ, బీసీలకి 35% సబ్సిడీ. కానీ సేవారంగంలో 5 లక్షలు దాటితే 8వ తరగతి పాసై ఉండాలి, చూశారా, ఆగిపోయిన చదువు ఇక్కడ మళ్ళీ అడ్డొస్తది. మొదటిసారే అంత పెద్దది ఎత్తుకోవద్దని నా మాట, లక్షతో ఏడాది నడిపి చూడండి.

10. ఎక్కువ జరిగే తప్పులు, ఏం చేయాలి

స్టైపెండ్ పడలేదు: ముందు సీడింగ్ స్టేటస్ చూడండి. వేరే బ్యాంకు చూపిస్తే, నడుస్తున్న అకౌంట్ ఉన్న బ్యాంకులో సీడింగ్ ఫారం ఇవ్వండి, కొత్తది ఎక్కితే పాతది దానంతట అదే పోతది.

అప్లికేషన్ రిజెక్ట్ అయింది: కారణం ఏం రాశారో ప్రింట్ తీయించండి. "ఏదో ప్రాబ్లం" అంటే ఒప్పుకోవద్దు. పేరు తేడా అయితే సరిచేసి మళ్ళీ పెట్టొచ్చు.

ఎవరూ పట్టించుకోవట్లేదు: సోమవారం కలెక్టరేట్‌కి పొండి, అక్కడ జనం అర్జీలు తీస్కుంటారు, తెలంగాణలో దాన్ని ప్రజావాణి, ఏపీలో పీజీఆర్‌ఎస్ అంటారు. ఒక పేజీ అర్జీ, అప్లికేషన్ నంబరు, తేదీలు, జిరాక్సులు. రసీదు తీస్కోకుండా రావొద్దు. ఆర్‌సెటీ గురించైతే లీడ్ బ్యాంక్ మేనేజర్‌ని (జిల్లాలో బ్యాంకుల పని చూసే ఆఫీసర్) కలవండి.

బ్యాంకులో లోన్ లేదన్నారు: ఎందుకో కాగితం మీద రాసివ్వమనండి. ఎక్కువసార్లు పాత సంఘం లోనో, ఎవరికో పెట్టిన హామీ సంతకమో సిబిల్‌లో (మన లోన్ల రికార్డు) కనబడుతుంటది. అది కట్టేసి, బ్యాంకు దగ్గర నో డ్యూ (బాకీ లేదనే కాగితం) తీస్కుని, సిబిల్‌లో మారిందని చూస్కున్నాకే మళ్ళీ పెట్టండి.

మధ్యలో మానేశారు: సిగ్గుపడి ఇంట్లో ఉండిపోవద్దు. సెంటర్‌కి వెళ్ళి కారణం చెప్పి, తర్వాతి బ్యాచ్‌లో తీస్కుంటారా అని అడగండి, హాస్పిటల్ కాగితం ఉంటే జిరాక్స్ ఇచ్చి రండి.